షోకేసులో నిలబడ్డవాడు

ఆ వేసవిలో మా మరిది యుద్ధానికి వెళ్ళాడు. వెళ్ళాలని వాడికి లేదు. పంపాలని మాకు లేదు. రమ్మని ఏ ప్రభుత్వమూ కబురు పెట్టలేదు. అయినా వెళ్ళాడు. మా స్టూడియో షోకేసులో పెట్టిన ఒక ఫోటో, దాని కింద వాడే రాసిన నాలుగు ముక్కలు, అవి చూసి మురిసిపోయిన మా వీధి, అన్నీ కలిసి వాడిని రైలెక్కించాయి. ఇప్పటికీ ఎవరైనా మీ మరిది ఎంత ధైర్యవంతుడండీ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కూరగాయలు తరుగుతూ నా వేలు తెగితే, కట్టు కట్టాల్సింది పోయి, ఆ రక్తం చూసి వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయిన మనిషి వాడు. వాడి మొహాన నీళ్ళు నేనే చల్లాను. నా వేలు అలా కారుతూనే ఉంది.

నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి వాడికి పాలపళ్ళు ఊడుతున్నాయి. అందుకే వాడు వీడు అంటున్నాను, ఏమీ అనుకోకండి. ఇంట్లో అందరికీ వాడు చిన్నోడే. మీసాలొచ్చినా చిన్నోడే.

మాది ముందుగది స్టూడియో, వెనక గదులు ఇల్లు. ఫోటోలు తీసేది మా ఆయన. నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో మొటిమలూ ముడతలూ మాయం చేసేది మా మరిది. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, కాలర్లు సర్ది, గడ్డం కొంచెం పైకెత్తమని చెప్పేది నేను. అత్తయ్య మాత్రం స్టూడియోలోకి వచ్చేది కాదు. ఆ లైట్లు చూస్తే ఆవిడకి తలనొప్పి.

యుద్ధం ఎక్కడో జరుగుతోంది. మాకు తెలిసినంతలో అది రేడియోలో జరుగుతోంది. ఎదురుగా ఉన్న టీ కొట్టతను రేడియోని తెచ్చి బయట బల్ల మీద పెట్టాడు. రిటైరైన మాస్టారు ఒకాయన కొట్టు గోడకి పటం తగిలించి, మనవాళ్ళు పట్టుకున్న ఊళ్ళకి ఎర్ర సిరాతో చుక్కలు పెట్టేవారు. నిన్న నదిదాకా వెళ్ళాం, రేపు నది దాటేస్తాం అనేవారు. మా వీధి చివర మురిక్కాలవ దాటాలంటే ఆయనకి ఎవరైనా చెయ్యి పట్టుకోవాలి. వార్తలయ్యాక అందరూ ఇంకో టీ చెప్పేవారు. ఈరోజు మనవాళ్ళెంతమంది, అవతలవాళ్ళెంతమంది అని ఒకడు అడిగితే, పర్లేదు, మనకే ఎక్కువ లాభం అని ఇంకొకడు అనేవాడు. వార్త చప్పగా ఉన్న రోజున టీ కూడా చప్పగా ఉందని కొట్టతన్ని విసుక్కునేవారు. నేనూ తక్కువ తినలేదు. వార్తల వేళకి పొయ్యి తగ్గించి వచ్చి కిటికీ దగ్గర నిలబడేదాన్ని.

సైన్యంలో చేరే కుర్రాళ్ళకి యూనిఫాం అక్కడికి వెళ్ళాకే ఇస్తారు. కన్నవాళ్ళకేమో కొడుకు వెళ్ళేలోపే ఆ బట్టల్లో ఒక ఫోటో కావాలి. ఇది గమనించి మా ఆయన పాతబట్టల దుకాణంలో ఒక సిపాయి కోటు కొనుక్కొచ్చాడు. ఒక్క కోటు ఇంతమందికి సరిపోవాలి కదా. అందుకని నేనే దాన్ని వెనకవైపు మెడ నుంచి నడుందాకా కత్తిరించి, అటూ ఇటూ నాడాలు కుట్టాను. బక్కవాళ్ళకి బిగించి కట్టేదాన్ని, లావుపాటివాళ్ళకి వదులుగా కట్టేదాన్ని. ముందునుంచి చూస్తే సిపాయి, వెనకనుంచి చూస్తే చెమటకి తడిసిన చొక్కా. వెళ్ళేవాళ్ళు, వెళ్దామా వద్దా అని ఊగేవాళ్ళు, ఎన్నటికీ వెళ్ళకుండా పెళ్ళాం ముందు గొప్ప కోసం దిగేవాళ్ళు, అందరికీ అదే కోటు. ఆ వేసవిలో మాకు అన్నం తినడానికి తీరిక లేదు.

షోకేసులో ఉన్న పాత ఫోటో ఎండకి వెలిసిపోయింది. దాని బదులు కోటు వేసుకున్న ఫోటో ఒకటి పెద్దది చేసి పెడదామన్నాడు మా ఆయన. పక్కన తమ్ముడున్నాడు, మొహం కళగా ఉంటుంది, డబ్బులడగడు. ఇంకేం కావాలి?

నేను వెనక నాడాలు బిగిస్తుంటే వాడు ఒకటే నవ్వు. “మరీ బిగించకు వదినా. యుద్ధానికి వెళ్ళకుండానే ఇక్కడ ఊపిరాగి పోతే అన్నయ్య ఫోటో పాడైపోతుంది” అన్నాడు. నేను వీపు మీద ఒక్కటిచ్చాను. నవ్వు ఆపి దూరంగా చూడరా అని మా ఆయన కసిరాడు. గడ్డం పైకెత్తమని చెప్పింది నేనే. వాడు ఎత్తాడు. ఆ ఒక్క క్షణం నిజంగానే ఎవరో వేరే మనిషిలా కనిపించాడు, నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఫోటో కింద ఒక అట్ట మీద, ఇక్కడ యూనిఫాంలో ఫోటోలు తీస్తాం అని రాయమన్నాడు మా ఆయన. వాడి చేతిరాత బాగుంటుంది. కానీ వాడికి టీ కొట్టు వాళ్ళ మీద చాన్నాళ్ళుగా మంటగా ఉంది. పెన్సిలు చెక్కుకుంటూ వాళ్ళ కబుర్లు వింటూ, ఇంట్లోకొచ్చి మాస్టారిలా గొంతు పెట్టి నన్నూ అత్తయ్యనీ నవ్వించేవాడు. వాళ్ళకి చురక పెట్టాలని ఆ అట్ట మీద ఇలా రాశాడు:

మీరు టీ తాగండి, మేం పోరాడతాం.
మీరు లెక్కపెట్టండి, మేం పడిపోతాం.
మీ రేడియో చప్పబడకుండా
రోజూ కొందరం ప్రాణాలిస్తాం.

పొద్దున షోకేసులో అది చూశాను. వీధివాళ్ళు చదివితే అద్దం పగలగొడతారనుకున్నాను. తీసెయ్యమని చెప్పేలోపే మాస్టారు రానే వచ్చారు. కళ్ళజోడు తుడుచుకుని చదివారు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చదివారు. తరవాత టీ కొట్టు వైపు తిరిగి, చెయ్యెత్తి, వణికే గొంతుతో అందరికీ చదివి వినిపించారు. ఆయన కళ్ళమ్మట నీళ్ళు. ఈ వయసులో ఇంత త్యాగబుద్ధి నేను చూడలేదు అన్నారు. టీ కొట్టతనికైతే కాలు నేల మీద నిలవలేదు. పద్యం టీతోనే మొదలైంది కదా. దాన్ని ఎవరితోనో పెద్ద అక్షరాలతో రాయించి, తన కొట్టు గోడకి, పటం పక్కనే అంటించుకున్నాడు.

మా మరిది తలుపు చాటున నిలబడి ఇదంతా చూశాడు. “ఇంకొంచెం కారం వెయ్యాల్సింది వదినా” అన్నాడు. మొహంలో నవ్వుంది కానీ అది సరిగ్గా నవ్వులా లేదు.

ఇంకోటి రాస్తాను, ఈసారి చంటిపిల్లాడికి కూడా అర్థమయ్యేలా రాస్తాను అన్నాడు. మా ఆయన ఒంటికాలి మీద లేచాడు. వచ్చే జనాన్ని తరిమేస్తావా, నోరు మూసుకుని పని చూసుకో అన్నాడు. నేను వాడితో ఏమన్నానంటే, ఊరుకోవయ్యా, నాలుగు రోజులు పోతే వాళ్ళే మర్చిపోతారు అన్నాను. నా నోరు పడిపోను, ఆ మాట ఎందుకన్నానో.

ఎవరూ మర్చిపోలేదు. వాడు వీధిలోకెళ్తే కుర్చీ ఖాళీ చేసి కూర్చోమనేవారు. టీకి డబ్బులిస్తే కొట్టతను చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్తే మంగలి వాడిని వరసలో అందరికంటే ముందు కూర్చోబెట్టి, ఎప్పుడు బయలుదేరుతున్నావని అడిగాడు. అది దుకాణం కోసం తీసిన ఫోటో అని వాడు చెప్పాడు. మంగలి భుజం తట్టి, గొప్పవాళ్ళు ఇలాగే అణకువగా ఉంటారు అన్నాడు. మొదట్లో ఇవన్నీ ఇంటికొచ్చి చెప్పి పడీపడీ నవ్వేవాడు. కొన్నాళ్ళకి చెప్పడం మానేశాడు. ఆ తరవాత బయటికెళ్ళడమే మానేశాడు. అప్పుడేమో, ఇంకా వెళ్ళలేదేం, మాటలేనా అని గొణుగుళ్ళు మొదలయ్యాయి. పద్యం రాసినవాడు వెళ్ళకపోతే ఇంకెవరు వెళ్తారు అని మాస్టారే అన్నారట. ఆయన చెడ్డమనిషి కాదు. మా పిల్లలు ఆయన దగ్గరే అక్షరాలు దిద్దారు. అందుకే ఇంకా బాధ.

ఇంతవరకైతే వాడు తట్టుకునేవాడే. ఎవరెంత గొణిగినా పెన్సిలు చెక్కుకుంటూ కూర్చునేవాడు.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ ఆవిడ వచ్చింది. వీధి మొదట్లో బొగ్గుల పెట్టెతో బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఆవిడకి ఒక్కడే కొడుకు. వేసవి మొదట్లో మా కోటులోనే ఫోటో దిగి వెళ్ళాడు. ఆవిడ చేతిలో ఒక పొట్లం ఉంది. కొడుక్కి మేజోళ్ళు అల్లిందట. అక్కడ కొండల్లో చలట, కబురు చేశాడట. ఎలా పంపాలో తెలియక తిరుగుతుంటే టీ కొట్టతను మా ఇల్లు చూపించాడు.

“నువ్వు ఎలాగూ వెళ్తున్నావుగా బాబూ, వాడికి ఇచ్చెయ్యి. పాదాలు తడవకుండా చూసుకోమను” అంది.

మా మరిది లేచి నిలబడ్డాడు. ఏదో చెప్పబోయి ఆవిడ చేతులు చూశాడు. ఎన్నో ఏళ్ళ కాలిన మచ్చలు. పొట్లం తీసుకున్నాడు. సరేనమ్మా అన్నాడు. ఆవిడ వాడి చేతిని కళ్ళకద్దుకుని, ఇస్త్రీ చల్లారిపోతుందంటూ గబగబా వెళ్ళిపోయింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఆ పొట్లం ఎందుకు తీసుకున్నావు?” అన్నాను.

“ఏమని చెప్పను వదినా? మేమిక్కడ ఆటలాడుతున్నామని చెప్పనా? ఆవిడ కొడుకు నిజంగా అక్కడున్నాడు.”

“ఎవరైనా వెళ్ళేవాళ్ళ చేతికిస్తే సరిపోతుంది.”

“అంతే. ఎవరో ఒకరు వెళ్ళేవాళ్ళు” అన్నాడు వాడు. పొట్లాన్ని బల్ల మీద పెట్టి, మళ్ళీ నెగెటివ్ ముందు కూర్చున్నాడు. ఎవరిదో పెళ్ళికూతురి ఫోటో. చెంప మీద మచ్చ దిద్దాలి. చాలా నెమ్మదిగా దిద్దాడు.

మర్నాడు వెళ్ళి సైన్యంలో పేరిచ్చొచ్చాడు. అన్నం దగ్గర చెప్పాడు. మా ఆయన ఎంగిలిచేత్తోనే లేచిపోయాడు. నీకు మతి గాని పోయిందా, ఇప్పుడే ఆ ఫోటో తీసేస్తాను, అంతా ఉత్తదని వీధి మొత్తానికి నేనే చెప్తాను అని అరుస్తూ ముందుగదిలోకి వెళ్ళాడు. నేనూ వెనకాలే వెళ్ళాను. షోకేసు ముందు మాస్టారు నిలబడి ఉన్నారు, చుట్టూ బడిపిల్లలు. ఒక్కొక్కళ్ళచేత పద్యం చదివిస్తున్నారు. మా ఆయన్ని చూడగానే పిల్లలందరిచేతా దండాలు పెట్టించారు. మా ఆయనకి మొహం చెల్లలేదు. తల ఊపి లోపలికొచ్చి, చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు. ఆ రోజు ఆయన ఒక్కమాట అనుంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆయనకీ తెలియదు. పాతికేళ్ళుగా మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

అత్తయ్య మాత్రం అందర్నీ పట్టుకుని ఒకే ప్రశ్న అడిగింది. వాడిని ఎవరు పొమ్మన్నారు? మా ఆయన్ని అడిగింది, నన్ను అడిగింది, చివరికి వాడినే అడిగింది. ఎవరూ పొమ్మనలేదమ్మా అన్నాడు వాడు. అయితే మానెయ్యి అంది. వాడు ఆవిడ ఒళ్ళో తలపెట్టి పడుకున్నాడు కానీ మానేస్తానని అనలేదు.

యుద్ధం రోజులు కదా, శిక్షణ కొద్దివారాల్లోనే ముగించారు. అసలు చోటికి పంపేముందు కొద్దిరోజులు ఇంటికొచ్చాడు. నిజం యూనిఫాం వేసుకుని నా ముందు గిర్రున తిరిగి, “చూశావా వదినా, దీనికి వెనక కూడా బట్ట ఉంది” అన్నాడు. నవ్వాను. లోపలికెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. వాడు పొట్లం జాగ్రత్తగా సంచి అడుగున పెట్టుకున్నాడు. బయలుదేరే ముందు ఒక్కటే అడిగాడు. “ఆ అట్ట తీయించెయ్యి వదినా. వెళ్ళే కుర్రాళ్ళు కూడా చదువుతున్నారు. నాకు సిగ్గుగా ఉంది.” అలాగేనన్నాను. వాడు వెళ్ళాక మా ఆయనకి చెప్పాను. ఎందుకు తీశావని వీధివాళ్ళు అడిగితే ఏం చెప్తావు అన్నాడు. అట్ట అక్కడే ఉండిపోయింది.

ఆ తరవాత రేడియో నాకు పగదైంది. ఇన్నాళ్ళూ అంకెలన్నీ అంకెల్లాగే వినబడేవి. ఇప్పుడు మనవాళ్ళు కొందరు అనగానే ఆ కొందరిలో వాడున్నాడేమోనని చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక వీధిలోకెళ్ళి, ఆ రేడియో కొంచెం చూడవయ్యా అని టీ కొట్టతన్ని అడిగాను. తగ్గించు అనడానికి నోరు రాలేదు. అయ్యో, మీవాడి కబుర్లు కదమ్మా, మీకు వినబడాలి అని అతను ఎంతో మర్యాదగా గొంతు ఇంకా పెంచి, రేడియోని మా ఇంటి వైపు తిప్పి పెట్టాడు. ఇక రోజూ అలాగే పెట్టేవాడు. పాపం, మంచి చేస్తున్నాననే అనుకున్నాడు.

తొలకరి పడిన మర్నాడు పొద్దున్నే ఇద్దరు వచ్చారు. ఇద్దరూ యూనిఫాంలో ఉన్నారు. బూట్లకి బురద అంటింది. గుమ్మం బయట చాలాసేపు తుడుచుకుని లోపలికొచ్చారు. మా ఆయన డార్క్‌రూంలో ఉన్నాడు. సొంత బట్టలున్నవాళ్ళు, కోటుతో పనిలేదనుకుని నేను లైటు వేసి, కుర్చీ సర్దాను.

“ఫుల్ సైజా బాబూ, హాఫ్ సైజా? ఇద్దరూ కలిసి దిగుతారా?” అని అడిగాను.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దతను టోపీ తీశాడు. రెండోవాడు కూడా తీశాడు. నేను టోపీ ఉంటేనే బాగుంటుంది బాబూ అన్నాను. అని, అతని చేతులు చూశాను. టోపీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. అప్పుడు లైటు ఆపేశాను.

మేజోళ్ళు చేరాయట. ఆ సంగతి తరవాతెప్పుడో ఇస్త్రీ ఆవిడ కొడుకే తిరిగొచ్చి చెప్పాడు. ఆవిడ మాత్రం మావాడి కబురొచ్చిన రోజు నుంచి మా ఇంటి ముందు నడవడం మానేసి, వెనక సందులోంచి తిరిగి వెళ్ళేది. ఎదురుపడితే నేనే పలకరించేదాన్ని. ఆవిడ తప్పేముంది? ఈ మొత్తంలో ఎవరి తప్పు ఎంతో తేల్చాలని కూర్చుంటే నాకు నిద్ర పట్టదు, కాబట్టి మానేశాను.

మా ఆయన ఫోటో తీసేశాడు. ఇప్పుడు తీశాడు. అట్టని ముక్కలు చేసి పొయ్యిలో వేశాడు. షోకేసు ఖాళీగా ఉండటం చూసి మాస్టారూ ఇంకొందరూ వచ్చి, అది మీ ఒక్కరి ఫోటో కాదు, వీధి అందరిదీ అన్నారు. అయినా ఆయన ఫోటో ఇవ్వలేదు. సరే, ఫోటో ఇవ్వకపోతే పోనీ, సభ మాత్రం చేస్తామన్నారు. మీరొచ్చి కూర్చుంటే చాలన్నారు. ఏడవడానికి ఓపిక లేనివాళ్ళం, కాదనడానికి ఓపికెక్కడిది?

టీ కొట్టు ముందు బల్లలు వేశారు. మబ్బుగా ఉంది కానీ వాన లేదు. అత్తయ్యని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందువరసలో కూర్చోబెట్టాను. ఆవిడ వీధిలోకి వచ్చి ఎన్నాళ్ళయిందో. ఒకళ్ళిద్దరు మాట్లాడారు. కొట్టతను అందరికీ టీలు పంచాడు, మాకు కూడా ఇచ్చాడు. మాస్టారు లేచి, వీరుడి నోటి మాటలే వీరుడికి నివాళి అన్నారు. బడిపిల్లలు వరసగా నిలబడి, మైకులో, ఒకే గొంతుతో, చేతులు ఊపుతూ పద్యం చదివారు. మైకు గీపెడుతోంది. అత్తయ్యకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడకి చదువు రాదు, ఆ అట్ట మీద ఏముందో ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

“ఏంటే అది?” అంది నా చెయ్యి లాగి.

“చిన్నోడు రాసిందే అత్తయ్యా.”

“ఏమని రాశాడు?”

నేను వంగి ఆవిడ చెవిలో, మామూలుగా మనం మాట్లాడుకునే మాటల్లో చెప్పాను. మీరు టీ తాగుతూ కూర్చోండి, మేం వెళ్ళి చస్తాం. ఎంతమంది పోయారో మీరు లెక్కపెట్టుకోండి. మీ రేడియోలో కబుర్లు తగ్గిపోకుండా రోజూ మాలో కొందరం పోతూ ఉంటాం. అంతే అత్తయ్యా అన్నాను.

ఆవిడ చేతిలో టీ గ్లాసు వైపు చూసి, దాన్ని కింద పెట్టేసింది. తరవాత నా వైపు తిరిగి, “అదేంటే, వాడు వీళ్ళని తిట్టాడా?” అంది.

“అవునత్తయ్యా.”

పిల్లలు పద్యం ముగించారు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ కొడుతున్నారు, టీ కొట్టతను తలకి చుట్టిన తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని మరీ కొడుతున్నాడు. మా ఆయన నేల చూస్తూ కూర్చున్నాడు. అత్తయ్య ఒక్కొక్కళ్ళ మొహమే చూసుకుంటూ వచ్చింది.

“మరి చప్పట్లెందుకే?” అంది.

“వాళ్ళకి నచ్చిందట అత్తయ్యా” అన్నాను.